ఇరవై తొమ్మిదేళ్లు తిరిగిన బస్సుకు సగటు వేగం సున్నా అవుతుందా?

శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి, పేరు అచ్చు వేయవద్దన్న షరతుతో, అరవై ఎనిమిదేళ్ల పెద్దాయన ఒకరు ఆరు పుటల ఉత్తరం రాశారు. ఆయన ఇరవై తొమ్మిదేళ్లు బస్సు డ్రైవరుగా పనిచేసి విరమించారు. దాదాపు సర్వీసంతా శ్రీకాకుళం, విజయనగరం మధ్యనే గడిచింది. రోజుకు నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకు దాదాపు 70 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. అయితే నిదానంగా నడుపుతారని ప్రయాణికులు ఆయనకు ‘నత్త డ్రైవరు’ అని పేరు పెట్టారు. ‘ఈయన బండెక్కితే బేగి చేరం’ అని ఆయనకు వినబడేలాగే అనుకునేవారట.

కొడుకూ కోడలూ ఇద్దరూ పనికి వెళ్లేవారు కావడంతో, తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలిని సాయంత్రాలు చదివించే బాధ్యత ఆయన తీసుకున్నారు. తాను చదివింది పదో తరగతే అయినా లెక్కలంటే ఇష్టం. మూడు నెలల కిందట బడిలో పెట్టిన పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. 70 కిలోమీటర్ల దూరంలోని ఊరికి ఒక బస్సు రెండు గంటల్లో వెళ్లి, అదే దారిన రెండు గంటల్లో తిరిగి వచ్చింది, దాని సగటు వేగమెంత? ‘వేగమంటే దూరాన్ని కాలంతో భాగించడం’ అని తాత నేర్పిన ప్రకారం ఆ అమ్మాయి గంటకు 35 కిలోమీటర్లని రాసింది. మార్కులు రాలేదు. మరునాడు ఈయన బడికి వెళ్లి, పిల్లలందరూ చూస్తుండగా, ‘ముప్పై ఏళ్లు బస్సు నడిపినోడికి వేగమంటే ఏటో నువ్వు సెప్తావా?’ అని సైన్సు మేడమ్ మీద గొంతు పెంచారు. ఆమె ఏదో చెప్పబోతే వినకుండా వచ్చేశారు.

నెల తరువాత చెల్లెలి ఇంట గృహప్రవేశం. బంతిలో కూర్చున్న బావమరిది పాత పేరు ఎత్తి వేళాకోళం చేస్తుంటే, వడ్డిస్తున్న మనవరాలు ‘తాత ఇరవై తొమ్మిదేళ్లు తిరిగినా సగటు వేగం సున్నాయే, మా పుస్తకంలోనే ఉంది’ అంది. బంతి బంతంతా నవ్వింది. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఆనాటి నుంచి మనవరాలితో మాటలు లేవు. ఆ అమ్మాయి ఫోనులో పాఠాలు చూసుకుని చదువుకుంటోంది. ‘పసిపిల్ల మాటకు ఇంత పంతమా మామయ్యా’ అని కోడలు అంటోంది. ఆయన అడిగినవి నాలుగు. పిల్ల చెప్పింది నిజమేనా? ఇక చదువు చెప్పడం మానుకోవాలా? ఆ మేడమ్‌ను క్షమాపణ అడగాలా? చివరి ప్రశ్నను ఆయన మాటల్లోనే ఇస్తున్నాను: ‘నా ముప్పై ఏళ్ల పని ఏ లెక్కలో సున్నా?’

అయ్యా,

మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. పరీక్షలో అడిగిన ప్రశ్నకు సున్నా అన్నదే సరైన సమాధానం, మేడమ్ దిద్దిన తీరులో తప్పు లేదు. అలాగని మీరు నేర్పిన సూత్రమూ తప్పు కాదు, అది వేరే మాటకు నిర్వచనం. దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేదానిని తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాలు ‘వడి’ అంటాయి. ‘వేగం’ అన్న మాటను అవి మరొకదాని కోసం దాచిపెట్టుకున్నాయి. బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి సూటిగా గీత గీస్తే ఎంత పొడవో, ఏ దిక్కుగా ఉందో, ఆ రెండూ కలిసినదాన్ని స్థానభ్రంశం అంటారు. దానిని కాలంతో భాగిస్తే వచ్చేది వేగం. తిరిగి బయలుదేరిన చోటికే వచ్చిన బస్సుకు గీత ఉండదు, కనుక సున్నా.

మీ దారినే తీసుకుంటే ఇది మరింత తేటపడుతుంది. శ్రీకాకుళంలో బయలుదేరి, చిలకపాలెం, రణస్థలం మీదుగా జాతీయ రహదారి వెంట నైరుతిగా వచ్చి, నాతవలస దగ్గర మళ్లి విజయనగరం చేరడానికి చక్రాలు తిరిగిన దూరం 70 కిలోమీటర్లు. కానీ కాకి ఎగిరినట్టు సూటిగా వెళితే రెండు పట్టణాల మధ్య ఉన్నది దాదాపు 57 కిలోమీటర్లే, అదీ పడమరకు, కాస్త దక్షిణానికి వాలుగా. కనుక ఒక ట్రిప్పులో మీ సగటు వడి గంటకు 35 కిలోమీటర్లు, సగటు వేగం అదే పడమర వాలు దిక్కుగా గంటకు ఇరవై ఎనిమిదిన్నర. తిరుగు ట్రిప్పులో వడి అంతే, వేగం మాత్రం అదే అంకెతో ఎదురు దిక్కుకు. రెండు ట్రిప్పులనూ ఒకటిగా కట్టి చూస్తే ఎదురెదురు వేగాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి, వడి మాత్రం 35గానే మిగులుతుంది. పరీక్షలో ఆ అమ్మాయి రాసిన అంకె అదే. ప్రశ్నలోని మాట మారి ఉంటే పూర్తి మార్కులు వచ్చేవి.

మీ కోపంలో న్యాయమున్న భాగం ఇక్కడే ఉంది. భౌతికశాస్త్రం ఊళ్లో వాడుకలో ఉన్న మాటను పట్టుకెళ్లి, దానికి కొత్త అర్థం అంటగట్టి, పాత అర్థంలో వాడినవారికి మార్కులు కోసింది. మన వైపు ‘బేగి రా’ అన్నా, ‘వేగిరం కానీ’ అన్నా, ‘బండి వేగం తగ్గించు’ అన్నా అందులో దిక్కు ప్రసక్తే లేదు. వేగి అన్నదే మన నోట బేగి అయింది, దానికి త్వరగా అని తప్ప వేరే అర్థం లేదు. ‘వడి’ సంగతి ఇంకా చిత్రమైనది. వడివడిగా నడవడంలో ఆ మాట ఉంది, నూలుకు పెట్టే మెలిక కూడా వడే. పొందూరులో నూలు వడికే ఆడవాళ్లను అడిగితే వడి అంటే పోగులోని పురి అనే చెబుతారు తప్ప, కిలోమీటర్లను గంటలతో భాగించమనరు. ఇన్ని అర్థాలున్న మాటలను చెరొక గదిలో పెట్టి తాళం వేసినవారు పుస్తకాలు రాసినవారు. అలా వేయక తప్పని అవసరం వారికి ఉంది, దాన్ని తరువాత చెబుతాను. తాళం వేసిన సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. మీరు చదువుకున్న రోజుల్లో చెప్పినా, ఇన్నేళ్ల స్టీరింగు తరువాత అది గుర్తుండాలనడం అన్యాయం.

పైగా ఆ తాళం పుస్తకంలో కూడా గట్టిగా పడలేదు. ‘కాంతి వేగం’ అని తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా అందరూ రాస్తారు. సెకనుకు 29,97,92,458 మీటర్లన్న ఆ అంకెకు దిక్కు లేదు, నియమం ప్రకారం అది వడి. భూమి ఆకర్షణను తప్పించుకుపోవడానికి కావలసిన సెకనుకు 11.2 కిలోమీటర్లను ‘పలాయన వేగం’ అంటారు. గాలి ఒరిపిడిని పక్కన పెడితే, నేలలోకి దూసుకుపోనంత వరకూ ఏ దిక్కుకు విసిరినా అదే అంకె సరిపోతుంది కాబట్టి అదీ వడే. (దయచేసి ఈ వాక్యాలు కత్తిరించి పట్టుకుని మళ్లీ బడికి వెళ్లకండి. ఆ మేడమ్ అడిగినది కాంతి గురించి కాదు.)

అయినా వేగం అన్న మాటకు దిక్కును ముడిపెట్టడం నిన్నమొన్నటి పుస్తకాలవారి వింత ఆలోచన అనుకుంటే పొరపాటు. మన ప్రాచీన తత్త్వశాఖల్లో ఒకటైన వైశేషిక దర్శనంలో సంస్కారమనే గుణాన్ని మూడు విధాలుగా చెప్పారు, వాటిలో మొదటిది వేగం. కదిలే వస్తువులో ఉండి, ఒక నియమిత దిక్కులో దాని కదలికను వరుసగా కొనసాగించే కారణమని ఆ దర్శనానికి భాష్యం రాసిన ప్రశస్తపాదుడు దాన్ని నిర్వచించాడు. ఈనాటి నిర్వచనం అదే కాదు, అందులో భాగహారం లేదు, కొలతా లేదు. కానీ దిక్కు ఉంది. ఆ మూడింటిలో చివరిదైన స్థితిస్థాపకం కూడా ఈనాటి పుస్తకాలలోకి వచ్చి చేరింది, సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణాన్ని స్థితిస్థాపకత అంటున్నాం. ఇక ఆయుర్వేదంలో వేగాలంటే ఆకలి, దప్పిక, తుమ్ము, ఆవలింత వంటివి, అణచుకోకూడనివి. మీరు విస్తరి ముందు నుంచి లేచిన వేగం ఆ జాతిదేనని నాకు అనిపించింది.

ఇప్పుడు తాళం ఎందుకు వేయవలసి వచ్చిందో చూద్దాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వడితో గాలులు వీచాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మీ కళ్లతో చూసే ఉంటారు. ఆ అంకె విన్నవారు తుపానే గంటకు 150 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిందనుకున్నారు. నిజానికి తుపాను మొత్తంగా కదిలేది చాలా మెల్లగా, మామూలుగా సైకిలు తొక్కినంత జోరుతోనే. దాని చుట్టూ సుడి తిరిగే గాలిది మరో లెక్క. పైగా తుపాను కన్ను నేరుగా మీదుగా వెళ్లిన చోట గాలి ముందు ఒక వైపు నుంచి కొట్టి, కాసేపు ఆగి, తరువాత ఎదురు వైపు నుంచి కొడుతుంది. రెండుసార్లూ గాలి వడి ఒకటే కావచ్చు, కానీ మొదటి విసురుకు ఒక వైపు వేళ్లు వదులైన చెట్టును రెండో విసురు మరో వైపు లాగుతుంది. దిక్కును లెక్కలోకి తీసుకోని మాటతో ఈ తేడా చెప్పలేం. అందుకే భౌతికశాస్త్రానికి రెండు మాటలు కావలసి వచ్చాయి.

మీకు ఇది కొత్త కాదు. మీ ముందున్న స్పీడోమీటరు ముల్లు 40 దగ్గర కదలకుండా ఉండగా నాతవలస మలుపు తిప్పారనుకోండి. ముల్లు ప్రకారం ఏమీ మారలేదు. కానీ నిలబడి ఉన్నవారు ఒక పక్కకు ఒరిగారు, పైకడ్డీ పట్టుకున్నారు, ఎవరి ఒడిలోంచో సంచి జారింది. వడి మారకపోయినా వేగం మారింది కనుక, అంటే దిక్కు మారింది కనుక అలా జరిగింది. వేగంలో వచ్చే మార్పును త్వరణం అంటారని మీ మనవరాలు వచ్చే పాఠాల్లో చదువుతుంది. మలుపుకు ముందే ముల్లును 40 నుంచి 25కు దించాలని మీ పాదానికి తెలిసింది, ఎందుకో చెప్పే సూత్రం ఆ అమ్మాయి పుస్తకంలో ఉంది. ముల్లు చూపేది వడి, చేతిలోని చక్రం పట్టేది దిక్కు, ఈ రెంటినీ కలిపి ఇరవై తొమ్మిదేళ్లు నడిపారు మీరు. మేడమ్ మాట పూర్తిగా విని ఉంటే వేగమంటే ఏమిటో ఆ గదిలో అందరికంటే ముందు అర్థమయ్యేది మీకే.

ఇక సున్నా సంగతి. అది బస్సును గురించి చెప్పిన మాట, అదీ బయలుదేరిన చోటును, ముగిసిన చోటును ఒకటిగా ఎంచుకున్నందువల్ల వచ్చిన మాట. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపి లెక్కిస్తామన్న దాని మీద సగటు వేగం ఆధారపడుతుంది. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వడితో తిరుగుతోంది, ఏడాది తిరిగేసరికి సూర్యుని పక్కన పాత చోటికే వస్తుంది గనుక ఏడాదికి దాని సగటు వేగం కూడా సున్నాయే. అంతమాత్రాన భూమి ఊరికే కూర్చుందని ఎవరూ అనరు. మీ బస్సులో రణస్థలంలో దిగిపోయిన కూలీకి, విజయనగరం కాలేజీలో దిగిన విద్యార్థికి స్థానభ్రంశం సున్నా కాదు, వారు చేరవలసిన చోటికి చేరారు. సున్నా వచ్చింది వారందరినీ దించి ఖాళీ చేసి డిపోకు తీసుకువచ్చిన బండికి మాత్రమే. మీ రోజువారీ నోటుబుక్కులు దాచుకున్నానని రాశారు. రోజుకు నాలుగు ట్రిప్పులు, ఏడాదికి 300 రోజులనుకుంటే ఇరవై తొమ్మిదేళ్లకు 24 లక్షల 36 వేల కిలోమీటర్లు అవుతుంది. చంద్రుడు మనకు సగటున 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మీరు నడిపిన దూరం దానికి ఆరు రెట్లకు పైమాటే.

‘నత్త’ అన్న పేరు గురించి మీరు ఒక్క వాక్యమే రాసి కొట్టివేశారు, కొట్టివేసినా చదవగలిగేలా ఉంది. అసలు ముల్లు అక్కడే గుచ్చుకుందని నా అనుమానం. వాడుక భాషలో వేగం కొలత కాదు, మెచ్చుకోలు. ‘స్పీడున్న కుర్రాడు’ అంటే పొగడ్త, ‘నిదానం’ అంటే సగం నింద. భౌతికశాస్త్రంలో అటువంటి మర్యాదలూ అమర్యాదలూ లేవు, అంకె పెద్దదైనంత మాత్రాన మంచిది కాదు. ఆ 70 కిలోమీటర్లనూ 50 వడితో పోతే 84 నిమిషాలు, 60తో పోతే 70 నిమిషాలు, 70తో పోతే 60, 80తో పోతే యాభై రెండున్నర. ప్రతి పది కిలోమీటర్ల పెంపుకూ ఆదా అయ్యే సమయం 14 నిమిషాల నుంచి 10కి, అక్కడి నుంచి ఏడున్నరకు పడిపోతూ వస్తుంది. బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం మాత్రం వడి వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వడి రెండింతలైతే ఆ దూరం నాలుగింతలు. 60 మీద ఉన్న బండి, కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు పోతుంది. మీ వెనుక సీట్లో విసుక్కున్నవారికి ఈ లెక్క తెలియదు. మీకు తెలుసు, కాకపోతే అంకెల్లో చెప్పే అవకాశం ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు మనవరాలి మాటకు వద్దాం. మీ ఉత్తరంలోని తేదీలను వరుసగా పెట్టి చూస్తే, ముందు నలుగురిలో తల వంచుకున్నది మీరు కాదు, ఆ అమ్మాయి. తాను అభిమానించే తాత తన బడికి వచ్చి, తన తోటి పిల్లల ముందు, తన మేడమ్ మీద అరిచాడు. దాన్ని మీరు మూడు వాక్యాల్లో దాటవేశారు, గృహప్రవేశానికి మాత్రం రెండు పుటలు కేటాయించారు. పద్నాలుగేళ్ల పిల్ల బంతిలో అన్న మాట పుస్తకజ్ఞానంతో మిడిసిపాటు కావచ్చు, తెలియక జారిన వేళాకోళం కావచ్చు, నెల రోజులు మింగుకున్న చిన్నబుచ్చుకోలు అలా బయటపడి ఉండనూ వచ్చు. ఏదన్నది నేను ఇక్కడి నుంచి చెప్పలేను, మీరు అడిగితే తెలుస్తుంది. మీ బావమరిది ఎత్తిపొడుపుతో కలిసి రావడం వల్ల దానికి లేని పదును వచ్చిందన్నది మాత్రం ఖాయం.

ఆ అమ్మాయి వచ్చి క్షమాపణ చెప్పేదాకా మీరు మౌనంగా ఉండవచ్చు. ఇంటికి పెద్ద గనుక ఆ హక్కు మీకుందని ఎవరూ కాదనరు, తల్లి గట్టిగా చెబితే ఆ పిల్ల వచ్చి దండం పెట్టనూ పెడుతుంది. అయితే సరైన జవాబు చెప్పినందుకు దండం పెట్టవలసి వచ్చిందని ఆ పిల్ల మనసులో ముద్ర పడుతుంది. అప్పటి నుంచి మీ దగ్గరికి తెలిసిన లెక్కలే తెస్తుంది, అనుమానాలు తేదు. రెండో దారి, ఏమీ జరగనట్టు రేపటి నుంచి మాట్లాడడం. ఇంట్లో అందరికీ హాయి అదే, కోడలు కోరుతున్నదీ అదే. కానీ వచ్చే పెళ్లిలో బావమరిది మళ్లీ ‘సున్నా డ్రైవరు’ అన్ననాడు మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. మూడోది కాస్త కష్టం. ఇద్దరే ఉన్నప్పుడు కూర్చోబెట్టి, ‘నీ లెక్క సరైనదే. నలుగురిలో అన్నది మాత్రం నాకు నొప్పి కలిగింది’ అని, ఈ వరుసలోనే రెండు మాటలు చెప్పడం. వరుస తిరగబడితే మొదటి మాట ఆ అమ్మాయి చెవికి ఎక్కదు. దీనిలో ఉన్న ప్రమాదం ఏమిటంటే, ‘మరి నువ్వు బడికొచ్చి నలుగురిలో అరిచావు కదా తాతా’ అని బదులు రావచ్చు. ఆ మాటకు సిద్ధపడి ఉంటేనే ఈ దారి పట్టండి. సిద్ధంగా లేకపోతే ఇంకో వారం ఆగడం మేలు. నేనైతే మూడోదాని వైపే మొగ్గుతాను, కానీ మీ ఇంటి వాతావరణం నాకంటే మీకు తెలుసు.

చదువు చెప్పడం మానవలసిన అవసరం నాకు కనబడలేదు. మానితే ఆ పిల్లకు మార్కుల్లో పెద్ద నష్టమేమీ ఉండకపోవచ్చు, ఫోనులో పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. నష్టం సాయంత్రాలకు. లెక్కలు మాత్రం చెప్పి సైన్సు వదిలేయవచ్చు, అది గౌరవంగా వెనక్కి తగ్గే మార్గం. లేదా సైన్సులో మీ ఇద్దరి స్థానాలూ మార్చుకోవచ్చు. ఆ అమ్మాయి పుస్తకం చదివి నిర్వచనం చెబుతుంది, మీరు ‘రోడ్డు మీద ఇది ఎలా ఉంటుంది’ అని అడుగుతారు. ఈ పద్ధతిలో మీరు ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది, పుస్తకంలో ఒక మాటకు ఏ అర్థం ఇచ్చారో పరీక్షలో అదే చెల్లుతుంది, ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం అక్కడ చెల్లదు. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ చిక్కు కొంత తగ్గింది కూడా. అక్కడ స్పీడు, వెలాసిటీ అని రెండు వేర్వేరు మాటలున్నాయి. రెండోది ఊళ్లో ఎవరూ వాడరు గనుక గందరగోళపడే వీలు తక్కువ. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉన్న పుస్తకమైతే స్పీడుకు ఎదురుగా వడి, వెలాసిటీకి ఎదురుగా వేగం ఉన్నాయో లేదో ముందే ఇద్దరూ కలిసి చూసుకోండి.

నాటి నోటుబుక్కులను అటకమీది నుంచి దింపమని కూడా అంటాను. ఏదో ఒక రోజు పుట తెరిచి, ఆ నాలుగు ట్రిప్పుల్లో ఒక్కొక్కదానికీ వడి ఎంత, వేగం ఎంత, రోజు మొత్తానికి ఏది ఎంత అని ఆ అమ్మాయి చేతనే వేయించండి. వెళ్లేటప్పుడు 35, వచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉండి 70 అయితే సగటు వడి ఎంతని అడగండి. యాభై రెండున్నర అంటుంది, చాలామంది అదే అంటారు. 140 కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది గనుక 47కు కాస్త తక్కువ. మెల్లగా నడిచిన దారిలో ఎక్కువ సేపు గడిపాం కాబట్టి సగటు అటే లాగుతుంది. ఉదయం పోయిన సమయం సాయంత్రం తొక్కితే తిరిగి రాదని మీరు డ్యూటీలో ఎన్నిసార్లు అనుకుని ఉంటారో! ముల్లు కదలకుండా మలుపు తిరిగిన బస్సుకు త్వరణం ఉందా లేదా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. ఒక్క జాగ్రత్త, ఆ అమ్మాయి తప్పు చెప్పినప్పుడు మీ ముఖంలో గెలుపు కనబడకూడదు. కనబడితే ఇది పాఠం కాకుండా బంతిలో నవ్వుకు బదులు తీర్చుకోవడమవుతుంది, పిల్లలు ఆ తేడాను ఇట్టే పసిగడతారు.

మేడమ్ విషయంలో మీ తప్పు సూత్రంలో లేదు, గొంతులో ఉంది. వాడుక అర్థం మాత్రమే తెలిసి ఉండడం తప్పు కాదు. ‘నువ్వు’ అనడం, పిల్లల ముందు అనడం, ఆమె మాట పూర్తి కాకుండా వచ్చేయడం తప్పులు. ఊరుకుంటే కాలం గడిచి మరుగున పడుతుంది, అయితే మీ మనవరాలు వచ్చే ఏడాది కూడా అదే బడిలో, బహుశా అదే మేడమ్ దగ్గర పదో తరగతి చదువుతుంది. నాలుగు వాక్యాల ఉత్తరం రాసి పంపవచ్చు, అందులో మీకు తలవంపు తక్కువ. కానీ ఆ ఉత్తరం పట్టుకెళ్లవలసింది ఆ పిల్లే గనుక బరువు ఆమె మీద పడుతుంది. స్వయంగా వెళితే మీకు పది నిమిషాల ఇబ్బంది, ఆ తరువాత ఇంకేమీ ఉండదు. వెళ్లినప్పుడు నిర్వచనాల చర్చ తేవద్దు, కాంతి వేగం మాట అసలే వద్దు. ‘ఆ రోజు తొందరపడి అమర్యాదగా మాట్లాడాను’ అన్నంతవరకు చాలు. ఆమెకు తీరిక ఉండి తానే పాఠం సంగతి ఎత్తితే, మలుపులో ప్రయాణికులు ఒరిగే సంగతి చెప్పండి. మోటారు నడిపినవారి నోట అది వినడం ఏ సైన్సు టీచరుకైనా ఇష్టంగానే ఉంటుంది.

వెళ్లేది బడి వదిలాక, పిల్లలు వెళ్లిపోయిన తరువాతనా, లేక మీరు అరిచినది పిల్లల ముందే గనుక వారుండగానేనా అన్నది నేను తేల్చి చెప్పను. మొదటిది మీకు సులువు, రెండోది మనవరాలికి ఊరట కావచ్చు, లేదా రెండోసారి తల వంచుకోవలసి రావచ్చు. వెంట రావాలనుందా, ఏ వేళకు వెళితే బాగుంటుందని ఆ అమ్మాయినే అడగండి.